ప్రదర్శన సరే, ట్యాంకర్లేవి?

యుద్ధ విమానాలంటే మన జనానికి ఎనలేని అభిమానం. 2024 అక్టోబరు 6న చెన్నై మెరీనా తీరంలో వాయుసేన విన్యాసాలను చూసేందుకు లక్షల మంది కదిలివచ్చారు. ఆ రోజు ఎండ తీవ్రత మధ్య ఐదుగురు ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. 2025 నవంబరు 21న దుబాయ్ ఎయిర్‌షోలో తేజస్ కూలి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ మరణించినప్పుడు దేశమంతా కంటతడి పెట్టింది. ఇలాంటి ఘటనలు జరిగిన ప్రతిసారీ ఏ విమానం గొప్పది, ఎన్ని కొనాలి, ఎవరి దగ్గర కొనాలి అన్న చర్చ జోరుగా సాగుతుంది. కొన్న విమానం ఎంతసేపు ఆకాశంలో నిలవగలదు, దాన్ని నడిపే పైలట్‌ను ఎలా తయారుచేస్తున్నాం అన్నవి మాత్రం ఆ చర్చలోకి రావు. వాయుసేన బలాన్ని నిర్ణయించేవి ఈ రెండే. రెండింటినీ మనం ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేశాం.

ముందుగా ఇంధనం సంగతి. యుద్ధ విమానం ఒక పరిమితికి మించి బరువు మోస్తూ నేల విడిచి లేవలేదు. ఆయుధాలు ఎక్కువ పెడితే ఇంధనం తగ్గించాలి, ఇంధనం నిండా పోస్తే ఆయుధాలు తగ్గించాలి. పదివేల అడుగులకు పైగా ఎత్తున్న లేహ్ లాంటి చోట గాలి పలచగా ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. ట్యాంకర్ విమానం దీనికి విరుగుడు. ఫైటర్ ఆయుధాలను పూర్తిగా మోసుకుంటూ, తక్కువ ఇంధనంతో పైకి లేచి, ఆకాశంలో ట్యాంకర్ నుంచి కావలసినంత నింపుకొంటుంది. సరిహద్దుకు దూరంగా, శత్రు క్షిపణులకు అందని స్థావరాల నుంచి బయల్దేరినా లక్ష్యాన్ని చేరగలదు. అండమాన్ దాకా విస్తరించిన సముద్రంపై గంటల తరబడి కాపలా కాయగలదు. ఆకాశం నుంచి శత్రువును గమనించే మన ‘నేత్ర’ రాడార్ విమానం కూడా ఇంధనం అందితే మరింతసేపు పనిచేస్తుంది.

ఇంధనం అందుకోవడం చూసినంత తేలిక కాదు. ట్యాంకర్ వెనుక వేలాడే గొట్టం చివర బుట్ట ఆకారంలో ఒక సాధనం ఉంటుంది. గాలికి ఊగే ఆ బుట్టలోకి పైలట్ తన విమానం ముందు భాగాన ఉన్న సన్నని గొట్టాన్ని గురిచూసి దూర్చాలి. 2018 సెప్టెంబరులో తేజస్ తొలిసారి ఇలా 1,900 కిలోల ఇంధనాన్ని 20 వేల అడుగుల ఎత్తులో, గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో సాగుతూ అందుకుంది. ఈ నేర్పు ఒకసారి వస్తే జీవితాంతం నిలిచేది కాదు. పగలూ రాత్రీ సాధన చేస్తూ ఉండాలి. సాధనకు ట్యాంకర్ కావాలి. మన చిక్కు సరిగ్గా ఇక్కడే ఉంది.

వాయుసేన చేతిలో ఉన్నవి ఆరు ఇల్యూషిన్-78 ట్యాంకర్లు మాత్రమే. 2003-04 ప్రాంతంలో వచ్చిన ఈ విమానాలు ఆగ్రా నుంచి పనిచేస్తాయి. 2010-16 మధ్య వీటిలో సగటున 49 శాతమే ఎగిరే స్థితిలో ఉన్నాయని, ఉండాల్సింది 70 శాతమని 2017లో కాగ్ తేల్చింది. కొత్తవి కొనే ప్రయత్నాలు జరగలేదని కాదు. ఎయిర్‌బస్ ఎ-330 ట్యాంకర్‌ను ఎంపిక చేశాక ధర ఎక్కువంటూ 2010లో టెండర్ రద్దు చేశారు. మళ్లీ పిలిచిన టెండర్‌లోనూ అదే విమానం ముందు నిలిచింది. 2016లో దాన్నీ పక్కన పెట్టారు. ఆ కాలయాపనకు ఫలితం ఏమిటో 2025 మార్చిలో బయటపడింది. మన పైలట్లకు ఇంధనం నింపుకోవడంలో శిక్షణ ఇచ్చేందుకు మెట్రియా అనే విదేశీ ప్రైవేటు సంస్థ నుంచి కేసీ-135 ట్యాంకర్ ఒకదాన్ని, దాని సిబ్బందితో సహా, రక్షణ శాఖ అద్దెకు తీసుకోవాల్సి వచ్చింది. అంతకుముందు 2020 జులైలో తొలి ఐదు రఫేల్ విమానాలు ఫ్రాన్స్ నుంచి అంబాలాకు వచ్చినప్పుడు దారిలో ఇంధనం పోసింది ఫ్రాన్స్ ట్యాంకరే. వైశాల్యంలో మన సగటు జిల్లాలో సగం కూడా లేని సింగపూర్ దగ్గర ఆరు ఎ-330 ట్యాంకర్లున్నాయి. చైనా తన వై-20 రవాణా విమానం నుంచి సొంతంగా ట్యాంకర్‌ను రూపొందించుకుంది.

దీనికి ఒక అభ్యంతరం వినిపిస్తుంది. వాయుసేనకు 42 ఫైటర్ స్క్వాడ్రన్లు ఉండాలి. 2025 సెప్టెంబరులో మిగ్-21లను సేవల నుంచి తప్పించాక మిగిలినవి 29. ఫైటర్లే చాలనప్పుడు డబ్బు ట్యాంకర్ల మీద ఎందుకు అని అడుగుతారు. నిజానికి లెక్క తలకిందులుగా చూడాలి. ఫైటర్లు తక్కువైనప్పుడే ట్యాంకర్ అవసరం ఎక్కువ. ప్రతి గంటకూ ఇంధనానికి కిందికి దిగిరావాల్సిన విమానంతో పోలిస్తే పైనే ఉండి పహరా కాసే విమానం ఎక్కువ పని చేస్తుంది. ఉన్న స్క్వాడ్రన్లతోనే ఎక్కువ ఆకాశాన్ని కాపాడవచ్చు. ట్యాంకర్ పెద్దదీ నిదానమైనదీ కాబట్టి శత్రువుకు సులువుగా చిక్కుతుందన్న వాదనలో నిజముంది. అందుకే దాన్ని సరిహద్దుకు వెనుక ఉంచి, ఫైటర్ల రక్షణలో నడుపుతారు.

రెండో సంగతి శిక్షణ. ఇది మన తెలుగు నేల మీదే మొదలవుతుంది. దుండిగల్ వాయుసేన అకాడమీలో కేడెట్లు తొలి పాఠాలు నేర్చుకుంటారు. 2009 జులైలో మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయాక ఆ విమానాలను పూర్తిగా ఆపేశారు. వాటి స్థానంలో స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ శిక్షణ విమానాలు వచ్చింది 2013లో. ఆ మధ్యకాలంలో కొత్త కేడెట్లు నేరుగా కిరణ్ జెట్లతోనే ఎగరడం నేర్చుకోవాల్సి వచ్చింది. పిలాటస్‌ల సంగతీ చూడండి. 2013-21 మధ్య 64 విమానాలలో 16 ఇంజిన్ ఆయిల్ లీకేజీకి గురయ్యాయని, పైలట్ల కొరత 2015లో 486 ఉండగా 2021 చివరికి 596కు పెరిగిందని 2024లో కాగ్ వెల్లడించింది. 2023 డిసెంబరులో అదే మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర పిలాటస్ కూలి ఒక శిక్షకుడు, ఒక కేడెట్ మరణించారు. మన హెచ్‌ఏఎల్ తయారుచేస్తున్న హెచ్‌టీటీ-40 శిక్షణ విమానాలు 70 కొనడానికి 2023 మార్చిలో రూ.6,828 కోట్ల ఒప్పందం కుదిరింది. అందులో తొలి విమానం ఎగిరింది 2025 అక్టోబరులో. ఇంత ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఇరవై ఏళ్ల కేడెట్లు.

ఎయిర్‌షోలు ఆపమని అనడం లేదు. సూర్యకిరణ్ విన్యాస బృందాన్ని చూసి వాయుసేనలో చేరాలనుకునే పిల్లలు ఉంటారు, ఉండాలి. ఆ కలను నమ్మి వచ్చే పిల్లలకు నాణ్యమైన శిక్షణ విమానం, సరిపడా శిక్షకులు, సాధనకు సొంత ట్యాంకర్ ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత. 97 తేజస్‌ల కోసం 2025 సెప్టెంబరులో రూ.62,370 కోట్ల ఒప్పందం చేసుకున్న దేశానికి కొన్ని ట్యాంకర్లు భారం కావు. పదిహేనేళ్లుగా వాయిదాలు పడుతున్న ఈ కొనుగోలుకు కేంద్రం గడువు ప్రకటించాలి. ట్యాంకర్లలో, శిక్షణ విమానాలలో ఎన్ని ఎగిరే స్థితిలో ఉన్నాయో ఏటా రక్షణ స్థాయీ సంఘం ముందు ఉంచాలి. మన ఎంపీలు కూడా కొత్త ఫైటర్లు ఎన్నో అడగడంతో ఆగకుండా, వాటికి ఇంధనం పోసేదెవరు, వాటిని నడిపేవారిని తయారుచేసేదెవరు అని సభలో నిలదీయాలి.