మర్నాటి పొద్దును చూపించరేం?

తుళ్లూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు గనుక వేయడం లేదు.

"రాత్రి అన్నాలయ్యాక అత్తగారూ నేనూ కూచుని ఒక సీరియల్ చూస్తాం. అందులో కథానాయకుడు పదిహేను రోజులపాటు తాగాడు. పదహారో రోజున భార్య పిల్లవాడి తలమీద అతని చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. సోమవారానికల్లా నున్నగా గడ్డం గీసుకుని ఆఫీసుకు వెళ్లాడు. అత్తగారు నా వంక చూశారు. నేనూ మావారి చేత అలాగే ఒట్టు వేయించాను. మూడో రోజు రాత్రి ఆయనకు చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. గోడమీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశారు. భయపడిపోయి మామగారే సీసా తెచ్చి యిచ్చారు. 2015లో పొలం పూలింగుకు యిచ్చేశాం. అంతకుముందు పత్తి, మిరప అంటూ పొద్దుగూకేదాకా పనే. తాగితే రాత్రిపూట తాగేవారు. యిప్పుడు పొద్దున్నే మొదలు. నా ఒట్టులో లోపం ఏమిటంటారు?"

మీ ఒట్టులో లోపం ఏమీ లేదమ్మా. లోపమంతా మీ అత్తగారూ మీరూ చూసిన కథలో వుంది.

కథలు అల్లేవాళ్లకు తాగుడు మహా సులువైన సరుకు. ఫలానావాడి మనసు విరిగిందని చెప్పాలంటే నాలుగు మంచి మాటలు ఆలోచించి రాయాలి. చేతికి సీసా యిచ్చేస్తే ఆ శ్రమ వుండదు. కథ మలుపు తిరగాలా, సీసా లాగేసుకుంటే సరి. తల్లి ఏడుస్తుంది, భార్య ఒట్టు వేయిస్తుంది, అతను మారిపోతాడు. తాగే మనిషికి మనసుతోపాటు ఒళ్లు కూడా వుంటుందన్న సంగతి యెవరికీ పట్టదు. రాత్రి తూలుతూ వచ్చిన మనిషిని చూపిస్తారు. మర్నాటి పొద్దున అతని చేతులు ఎలా వున్నాయో చూపించరు.

యిది నిన్నమొన్నటి అలవాటు కాదు. శరత్ బాబు "దేవదాసు" నవల 1917లో అచ్చయింది. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వంలో 1953లో తెలుగు చిత్రం వచ్చినప్పుడు అక్కినేని నాగేశ్వరరావుగారిని చూసి కన్నీళ్లు పెట్టుకోని యిల్లు లేదు. ఆ కథ ఒక విధంగా నిజాయితీగలదే. తాగినవాడు అందులో బాగుపడడు, పార్వతి గుమ్మం ముందు ప్రాణం వదులుతాడు. అయితే మనం దాన్నుంచి నేర్చుకున్న పాఠం వేరు. ప్రేమ ఎంత గొప్పదైతే తాగుడు అంత ఎక్కువ అన్న లెక్క మన మనసుల్లో నిలిచిపోయింది. అప్పటినుంచి తెరమీద సీసా ప్రేమకు కొలపాత్ర అయింది.

ఆ చిత్రంలో పార్వతి సావిత్రిగారు. మీ గుంటూరు జిల్లా చిర్రావూరు ఆడపడుచు. తాగే మనిషికోసం తెరమీద అంతగా దుఃఖించిన ఆమె తర్వాత తానే ఆ వ్యసనంలో చిక్కుకోవడం మన అందరికీ తెలిసిన విషాదం. 1980లో బెంగుళూరులో స్పృహ కోల్పోయి, పంతొమ్మిది నెలలు ఆ స్థితిలోనే వుండి, 1981 డిసెంబరు 26న కన్ను మూశారు. దేవదాసు తాగితే ప్రేమ అన్నాం. సావిత్రిగారు తాగితే పతనం అన్నాం. జబ్బు మాత్రం మగవాడిదైనా ఆడదానిదైనా ఒక్కటే.

నాగ్ అశ్విన్ తీసిన "మహానటి" 2018లో వచ్చింది. సావిత్రిగా నటించిన కీర్తి సురేశ్‌కు జాతీయ బహుమతి లభించింది. ఆ చిత్రం స్పృహలేని మనిషి దగ్గర మొదలవుతుంది. మిగతావాళ్లు దాచే మర్నాటి పొద్దును ముందే చూపించిందన్నమాట. అందుకు మెచ్చుకోవలసిందే. అయినా అక్కడ కూడా మోసపోయిన మనసే అన్నిటికీ కారణమన్నట్టు కథ నడుస్తుంది. ఆమెకు తాగుడు అలవాటు చేసినది భర్తేనన్నట్టు చూపించడం న్యాయం కాదని జెమినీ గణేశన్ కుమార్తె అప్పట్లోనే అభ్యంతరం చెప్పారు. చూశారా! తాగుడు అనగానే మనం ముందు వెతికేది ఎవరిని తప్పుపట్టాలా అని. వైద్యుణ్ని వెతకడం ఆ తర్వాత మాట.

2017లో వచ్చిన "అర్జున్ రెడ్డి"ని కుర్రకారు యెగబడి చూశారు. అందులో కథానాయకుడు డాక్టరు. తాగి ఆపరేషను చేసి పట్టా పోగొట్టుకుంటాడు. వ్యసనానికి ధర వుంటుందని చెప్పిన మాట అది, బాగుంది. కాని నాయనమ్మ పోయిన దుఃఖంలో తండ్రికి దగ్గరై, ఆ తర్వాత అలవాట్లన్నీ వదిలేస్తాడు. వణుకు లేదు, నిద్రలేని రాత్రి లేదు, మళ్లీ జారిపోవడం లేదు. స్వయంగా డాక్టరయి వుండీ మరో డాక్టరు గడప తొక్కడు!

యిక మీ యింట్లో ఆ మూడో రాత్రి జరిగినదేమిటో చెబుతాను. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి మెదడును మద్యం వెనక్కు లాగుతూ వుంటుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది. మద్యం ఒక్కసారిగా ఆగిపోతే, బరువు లాగుతున్న ఎద్దులకు పలుపు తెగినట్టు అవుతుంది. మొదటి రోజునే వణుకు, చెమటలు, గుండెదడ. రెండు రోజుల లోపల మూర్ఛ రావచ్చు. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య కొందరికి మతి చలించి లేనివి కనిపిస్తాయి. గోడమీది పురుగులు అవే. అది గాలీ కాదు, ధూళీ కాదు, ఒట్టు తప్పినందుకు దేవుడు వేసిన శిక్షా కాదు. ప్రాణానికే ముప్పు తెచ్చే జబ్బు. ఆ రాత్రి చేయవలసిన పని మనిషిని ఆస్పత్రికి చేర్చడం. మామగారు భయంకొద్దీ సీసా తెచ్చారు, ఆయనను తప్పుపట్టకండి. ఆయనకు యింకోదారి వుందని ఏ సీరియలూ చెప్పలేదు.

చెప్పిన సీరియల్ లేకపోలేదు. అమెరికాలో 2002 నుంచి 2008 వరకు "ది వైర్" అని ఒకటి వచ్చింది, మొత్తం 60 భాగాలు. అందులో బబుల్స్ అనే పాత్ర వుంది. హెరాయిన్‌కు బానిసైన బీదవాడు. మానాలనుకుంటాడు, మానలేకపోతాడు, మళ్లీ మొదలుపెడతాడు. చివరికి అక్కచెల్లెళ్లలో ఒకామె యింటి నేలమాళిగలో తలదాచుకుంటాడు. ఆమె అతన్ని వెళ్లగొట్టదు. అలాగని నమ్మనూ నమ్మదు. పైకి వెళ్లే మెట్ల తలుపుకు తాళం వేసి పనికి పోతుంది. అతను తనలాంటివాళ్లు కూడి మాట్లాడుకునే సభలకు వెళుతూ ఒక్కొక్క రోజూ గడుపుతాడు. ఏడాది దాటాక, కథ ముగిసేటప్పుడు, మెట్లెక్కి పైకి వచ్చి అందరితోపాటు బల్లదగ్గర కూర్చుని భోజనం చేస్తాడు. అంతే. పాటా లేదు, ఒట్టూ లేదు. ఆ ఒక్క భోజనానికి ఎన్ని రోజులు పట్టిందో చూసినవాళ్లకు తెలుసు.

కథకు అంత శక్తి వుందా అనకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాచకంలో సారా దుకాణం మూయించిన స్త్రీల కథ చదివారు. చదివి వూరుకోలేదు, లేచి వెళ్లి తమ వూళ్లో సారాను ఆపించారు. రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. ఆ సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించారు, అది వేరే కథ. తాగేవాడి గుండెకోత కాకుండా అతని యింట్లో పొయ్యి వెలగని సంగతి చెప్పిన కథ అది. అందుకే పనిచేసింది. అయితే దుకాణం మూయించడం వేరు, యింట్లో వున్న మనిషి ఒంటికి వైద్యం చేయించడం వేరు.

ఆ రెండో పని సంగతి చూద్దాం. మళ్లీ ఒట్లు వేయించకండి. మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు మానేస్తారని కొందరు సలహా చెబుతారు. దీక్ష మంచిదే, కాని పొద్దున్నే తాగందే చెయ్యి నిలవని మనిషి వైద్యుణ్ని అడగకుండా ఒక్కసారిగా మానడం ప్రమాదం. మానిన నలభై రెండో రోజు సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. ఆయనకు తెలియకుండా కూరలో కలిపే పొడుల జోలికి అసలు పోవద్దు. తాగితే వికటించే మందు ఒకటి వైద్యుల దగ్గర వున్న మాట నిజమే. దాన్ని రోగికి చెప్పి, పరీక్షలు చేసి యిస్తారు. తెలియక దానిమీద తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

గుంటూరు పెద్దాసుపత్రిలోనూ, మీకు దగ్గరగా మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలు వున్నాయి. పిచ్చాసుపత్రి అనుకుని జంకనక్కరలేదు. వణుకూ మూర్ఛా రాకుండా కొన్నాళ్లు మందులిచ్చి మెల్లగా మాన్పిస్తారు, విటమిన్లు యిస్తారు, ఆ తర్వాత కోరిక తగ్గించే మందులూ వున్నాయి. ముందుగా మాట్లాడాలంటే 14416కు గాని, వ్యసనాల కోసమే పెట్టిన 14446కు గాని ఫోను చేయండి, డబ్బు అక్కరలేదు. మానిన మనిషి మళ్లీ ఒకనాడు తాగితే అంతా అయిపోయిందనుకోకండి. చక్కెర జబ్బు మళ్లీ పెరిగితే డాక్టరు దగ్గరకే కదా వెళతాం, యిదీ అంతే. పొలం పని పోయిన మనిషికి పొద్దుటిపూట చేయడానికి ఏదో ఒక పని కూడా చూడండి. ఖాళీ చేయి సీసానే వెతుక్కుంటుంది.

యింకొక్క మాట. తాగి కొడితే అది జబ్బు గనుక భరించాలని ఎవరు చెప్పినా వినకండి. ఆయనకు వైద్యం అవసరమైనట్టే మీకూ పిల్లవాడికీ రక్షణ అవసరం. బబుల్స్ తోబుట్టువు తలుపుకు తాళం వేసింది, కాని అతన్ని వెళ్లగొట్టలేదు. ఆ రెండూ ఒకే చేత్తో చేయవచ్చు.

రేపు రాత్రి సీరియల్లో మళ్లీ ఎవరైనా ఒట్టు వేస్తే మీ అత్తగారిని నెమ్మదిగా అడగండి: "మూడో రోజు యితనికి ఏమవుతుందంటారు, అత్తయ్యా?" అని. ఆ మూడో రాత్రి మీతోపాటు ఆవిడా మేలుకునే వున్నారు కదా. ఆస్పత్రికి మీతో బయలుదేరవలసినది కూడా ముందు ఆవిడే.