అయస్కాంతపు తీర్పు

తుంగతుర్తి, సూర్యాపేట ప్రాంతముల పాతపెట్టెలలో తాతలు దాచిన హాలీసిక్కాలు నేటికిని బయటపడుచుండును. అమ్మవచ్చిన ముసలమ్మ యెదుట బేరగాడు అయస్కాంతము నుంచి, అంటినచో దొంగనాణెమనియు, అంటకున్నచో మేలిమి వెండియనియు తీర్పు చెప్పుట న్యాయము కాదని మా యభిప్రాయము.

చార్మినారు ముద్రగల హాలీ వెండిరూపాయలో నూటికి సుమారు 82 పాళ్లు వెండి. అది అయస్కాంతమున కంటదు. కాని నిజాము పాలనపు చివరియేండ్లలో కొన్ని అణాల నాణెములు నికెలుతో ముద్రింపబడెను. 1947 నాటి బ్రిటిషిండియా రూపాయయు నికెలుదే. నికెలు ఇనుమువలె అయస్కాంతమున కంటును. మూడుపాళ్ల రాగితో కలిపినచో దాని కాగుణము పోవును. 1992 నుండి ముద్రింపబడిన ఉక్కురూపాయలో 83 పాళ్లు ఇనుము, 17 పాళ్లు క్రోమియము. అదియు అంటును. అది దొంగదా?

ఇక రాగి, ఇత్తడి, సీసము అయస్కాంతమున కంటవు. వెండిపూతగల రాగిబిళ్ల ఈ పరీక్షలో సులభముగా నెగ్గును. కావున అయస్కాంతము ఇనుమును, నికెలును పట్టియిచ్చు సాక్షియే కాని న్యాయాధిపతి కాదు. ఒక్క సాక్షి మాటపై నింటిసొత్తు విలువ తేల్చుట యెట్లు?

వెండిరూపాయ సుమారు 11.18 గ్రాములు తూగవలెను. తూకము, అంచు, ముద్ర చూచిన పిమ్మటనే అయస్కాంతమును పిలువవలెను. సోదరులారా, త్రాసు మీకన్నుల యెదుట నుంచుమని యడుగుడు. అడిగిన వానిని మోసగించుట కష్టము.