గుట్ట మీది ధ్యానం, గుట్ట కింది ఊరు

దంతాలపల్లిలో టీకొట్టు ముందు కూర్చుని ఫోన్ తెరిచినా, హైదరాబాద్ హైటెక్ సిటీలో లిఫ్టు కోసం నిలబడి తెరిచినా ఇప్పుడు ఒకటే మాట. పది నిమిషాలు కళ్లు మూసుకుని శ్వాసను గమనించండి, ఒత్తిడి పోతుంది, నిద్ర పడుతుంది, పనిలో చురుకుదనం పెరుగుతుంది. చెప్పేవాళ్ల వెనక తరచూ ఒక బుద్ధుడి బొమ్మ కూడా ఉంటుంది. బౌద్ధ ధ్యానమంటే ఆధునిక మనిషికి ప్రశాంతతనిచ్చే మందు అన్న అభిప్రాయం బాగా పాతుకుపోయింది. దాన్ని ఖండించక తప్పదు. ఆ సాధన పుట్టింది ఈ పనికి కాదు.

శ్వాసను గమనిస్తే ఊరట దొరుకుతుందన్నది నిజమే. అమెరికాలో జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో దీర్ఘకాలిక నొప్పులున్నవాళ్ల కోసం తరగతులు మొదలుపెట్టాడు. మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట లోకమంతా పాకడానికి అదే పెద్ద కారణం. మరి ఆ ఊరట ఎంత? 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో 47 పరీక్షలను, 3,515 మంది వివరాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి కొంతమేర తగ్గుతున్నాయని అది ఒప్పుకుంది. వ్యాయామం, మందుల వంటి వాటికన్నా ధ్యానం మెరుగనడానికి మాత్రం ఆధారం కనిపించలేదంది. ఊరటే కావాలంటే పొద్దున్నే చెరువుకట్ట మీద నడిచినా దొరకవచ్చు. రెండున్నర వేల ఏళ్ల సాధనను అంతకు కుదించడం దేనికి?

ఆ సాధన ఒకప్పుడు ఎవరి మధ్య సాగిందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. దంతాలపల్లి ఉన్న మహబూబాబాద్ జిల్లాకు ఆనుకునే సూర్యాపేట జిల్లా ఉంది. అక్కడి ఫణిగిరి గుట్టను 1940ల్లో ఒకసారి, 2000 తర్వాత మళ్లీ తవ్వితే మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువులు ఉన్న విహారాలు బయటపడ్డాయి. 2024లో ఒక్క కుండలోనే 3,730 సీసపు నాణేలు దొరికాయి. మనుషుల రాకపోకలు లేని చోట అన్ని నాణేలు పోగుపడవు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ఆ గుట్ట మీద ధర్మచక్రాన్ని నిలబెట్టించినవాడు రాజుగారి ముఖ్య వైద్యుడని శాసనం చెబుతోంది. రోగులకు వైద్యం చేసిన చెయ్యి అది.

విహారంలో ఉండే భిక్షువుకు వంట లేదు, సేద్యం లేదు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్లోకి రావలసిందే. ఏ ఇంట పొయ్యి వెలగలేదో, ఎవరు మంచాన పడ్డారో ఆ కళ్లకు కనబడక తప్పదు. ధ్యానంలో వెతికే దుఃఖం ఎక్కడో లోపల దాగిన రహస్యం మాత్రమే కాదు, ఆ గడపల దగ్గర రోజూ ఎదురయ్యేది కూడా. శూన్యతను అంత లోతుగా ఆలోచించిన ఆచార్య నాగార్జునుడు రత్నావళిలో రాజుకు ఏం చెప్పాడు? రోగులనూ దిక్కులేనివాళ్లనూ ఆదుకోమన్నాడు, బాటసారులకు నీళ్లు ఏర్పాటు చెయ్యమన్నాడు, కరువొస్తే పన్నులు తగ్గించమన్నాడు. ఒత్తిడి తగ్గించుకునే చిట్కా కోసం ఆ పుస్తకం తెరిచినవాడికి నిరాశే.

హైదరాబాద్‌లో వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్న ధమ్మఖేత్తను చూసినా సాధన ఒక్క ఊరట కోసం కాదనే తెలుస్తుంది. ధ్యాన గురువు సత్యనారాయణ గోయెంకా 1976లో ప్రారంభించిన విపశ్యన కేంద్రం అది. పది రోజుల శిబిరానికి ఫీజు లేదు. మొదట చేయించేది ధ్యానం కాదు, ప్రమాణం: చంపను, దొంగిలించను, అబద్ధమాడను, మత్తు తాకను, శిబిరంలో ఉన్నన్నాళ్లూ బ్రహ్మచర్యం తప్పను. ఆ తర్వాతే శ్వాస. నడవడిని పక్కనబెట్టి శ్వాసను మాత్రం తీసుకెళ్లడం విత్తనం వదిలేసి పొట్టు మూటగట్టుకోవడమే.

ఆఫీసుల్లో జరుగుతున్నది సరిగ్గా అదే. పని గంటలు తగ్గవు, రాత్రి పదింటికి వచ్చే మెయిళ్లు ఆగవు, కానీ ధ్యానం తరగతి ఉంటుంది. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతి (సరైన ఎరుక)తోపాటు సమ్యక్ ఆజీవం (సరైన జీవనోపాధి) కూడా ఉంది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం అమ్మి బతకొద్దని బుద్ధుడు చెప్పాడు. సంపాదన ఎలా వస్తోందన్న ఆ ప్రశ్నను ఏ తరగతీ అడగదు. అంబేద్కర్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ ముందుమాటలోనే సాధన తన కోసమేనా అన్న ప్రశ్నను సూటిగా లేవనెత్తాడు: భిక్షువు తన పరిపూర్ణత కోసమా, ప్రజలకు సేవ చెయ్యడానికా?

ఇక మిర్చి ధర పడిపోయి, అప్పు వడ్డీ పెరుగుతున్న రైతుతో ‘మనసు నిమ్మళం చేసుకో’ అనడం మరీ అన్యాయం. బాధకు కారణం బయట ఉండగా తప్పంతా అతని మనసు మీదికే నెట్టినట్టవుతుంది.

బుద్ధుడు ఆ పని చెయ్యలేదు. ధమ్మపద వ్యాఖ్యలో ఆళవి ఊరి పేద రైతు కథ ఉంది. బుద్ధుడు వచ్చిన రోజే అతని ఎద్దు తప్పిపోయింది. పొద్దున్నుంచీ వెతికి, దొరికాక మందలో కలిపి, ఆకలితోనే పరుగున వచ్చాడు. అప్పటిదాకా సభ కాచుకుని కూర్చుంది. బుద్ధుడు మాట్లాడలేదు. రైతు రాగానే, మిగిలిన అన్నం ఏమైనా ఉందా అని వడ్డించేవాళ్లను అడిగి పెట్టించాడు. అతను తిని, ఒళ్లు కుదుటపడ్డాకే ధర్మం చెప్పాడు. ఒక గృహస్థు భోజనం గురించి గురువు ఇంతగా పట్టించుకోవడమేమిటని దారిలో భిక్షువులు గొణుక్కున్నారు. ఆకలితో ఉన్నవాడి చెవికి తన మాట ఎక్కదనే ఆగానని బుద్ధుడు వాళ్లకు చెప్పాడు.