అనుమానం చాలదా?

గర్భం నిలిచిందో లేదో తేల్చడానికి ఆడవాళ్ళచేత హార్మోన్ మాత్రలు మింగించిన కాలం ఒకటుంది. మింగాక రక్తస్రావమైతే గర్భం లేనట్టు, కాకపోతే ఉన్నట్టు.

ఇంగ్లండులో పిల్లల డాక్టరు ఇసబెల్ గాల్ దీన్ని పట్టించుకున్నారు. వెన్నెముక, మెదడు లోపాలతో పుట్టిన పిల్లల తల్లులు 100 మందిని, మామూలు పిల్లల తల్లులు 100 మందిని పోల్చారు. మొదటివారిలో 19 మంది, రెండోవారిలో 4గురు ఈ పరీక్ష చేయించుకున్నవారు. 1967లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. బ్రిటన్‌లో అధికారిక హెచ్చరిక వచ్చింది 1975లో. మాత్రలు అమ్మకం ఆగింది 1978లో.

మన దేశంలో ఎక్కువ మోతాదు ఈస్ట్రోజెన్-ప్రొజెస్టిరోన్ మందుల్ని ఇలాగే వాడారు. ప్రభుత్వం 1982లో నిషేధిస్తే కంపెనీలు కోర్టు కెళ్ళి స్టే తెచ్చుకున్నాయి. స్త్రీల సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు ఏళ్ళ తరబడి పోరాడాక, 1988లో గానీ అవి నిషేధానికి లోబడలేదు.

హాని రుజువు కాలేదన్నది కంపెనీల వాదన. కారణ సంబంధానికి ఆధారాలు చాలవని 2017లో బ్రిటన్ నిపుణుల బృందమూ అంది. 1967 నుంచే వీటిని ఆపవలసిందని 2020 నాటి సమీక్ష తేల్చింది.

నేనడిగేది ఒకటే. ఈ మాత్ర ఏ జబ్బునూ నయం చెయ్యదు. మూత్ర పరీక్షతో అదే జవాబు దొరుకుతుంది. స్త్రీకి ఏ మేలూ లేని మందును ఆపడానికి అనుమానం చాలదా? రుజువు చేసే బరువు తల్లుల నెత్తిన ఎందుకు?

జబ్బుకు అవసరమైన మందు మానమని నేననను. ఇది దేనికి, గర్భానికి ఏమవుతుంది అని అడగడం మన హక్కు. జవాబు చెప్పడం డాక్టరు బాధ్యత.