సమస్యాపూరణము – చదరంగము

అవధానసభలో పృచ్ఛకుడు సమస్య నిచ్చును, అవధాని పూరించును. కాని సమస్యాపూరణమున నారితేరిన వారెల్లరును కావ్యకర్తలు కాలేరు. చదరంగమునందును ఈ భేదము కలదు. నేడు పిల్లలకు ఆ విద్య నేర్పించు తలిదండ్రు లనేకులు దినమునకు ఎన్ని సమస్యలు పూర్తియైనవో లెక్కించి తృప్తి నొందుచున్నారు. లెక్క పెరిగినంతనే ఆట పెరుగునా యనునదియే ప్రశ్న.

సమస్యల వలన మేలు లేదనుట సత్యము కాదు. ప్రవీణులు తక్కినవారికంటె మిక్కిలి దూరము లెక్కింపరనియు, చూచిన వెంటనే మంచి యెత్తు వారికి స్ఫురించుననియు హాలెండు పండితుడు డి గ్రూట్ 1946లో తెలిపెను. 1973లో అమెరికా పండితులు ఛేజ్, సైమనులు మరియొక పరీక్షను ప్రకటించిరి. నిజమైన ఆటలోని స్థితిని కొన్ని సెకండ్లు చూపి మరుగుపరచినను ప్రవీణుడు పావులను చాలవరకు మరల పేర్చగలిగెను; పావులను అడ్డదిడ్డముగా నుంచినచో అతని ఆధిక్యము దాదాపు మాయమయ్యెను. కావున నేర్పనునది చాలవరకు కంటికి అలవడిన రూపముల నిధి. నిజమైన ఆటలనుండి తీసిన సమస్యలు ఆ నిధిని పెంచును. కేవలము చమత్కారమునకై కల్పించినవి అంతగా తోడ్పడవు.

అయినను కొరత యొకటి కలదు. సమస్యపై “నల్లవారు ఆడి గెలువవలెను” అని వ్రాసియుండును. ఆటలో అట్లు చెప్పువా డెవ్వడు? 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ విజేతృత్వపు పోటీ పదునాల్గవ ఆట జరిగెను. చెన్నపట్టణపు తెలుగు కుటుంబమున బుట్టిన గుకేశ్‌కు ఒక్క బంటు మాత్రమే అధికము. ఆట సమమగునని పలువురు తలచిరి. 55వ యెత్తున డింగ్ లిరెన్ ఏనుగుల మార్పిడికి దారి యిచ్చెను. ఏనుగులు పోయిన వెంటనే గుకేశ్ తన శకటును, మూలనున్న డింగ్ శకటునకు ఎదురుగా నిలిపెను. దానికి తప్పించుకొను చోటు లేదు. శకటులును పోయెను, రాజులు, బంట్లు మాత్రమే మిగిలిన ఆ స్థితిలో అధికమైన బంటే కిరీటమును తెచ్చిపెట్టెను.

దీనినే కాగితముపై సమస్యగా నిచ్చిన, చురుకైన బాలుడు విప్పకపోడు. ప్రపంచవిజేతయైన డింగ్ ఎరుగనిది దాని జవాబు కాదు. ప్రశ్న వచ్చినదన్న సంగతి.

కాబట్టి తలిదండ్రులకు మా మనవి: సమస్యల నిండు, లెక్క మానుడు. ఎవరు గెలుతురో చెప్పకుండ ఇండు. గెలుపే లేని స్థితులనుగూడ నడుమ నడుమ ఉంచుడు. నిదానపుటాట లాడింపుడు. ఓడిన ఆటను మరునాడు బల్లపై పరచి, ఎదిరి యెత్తు వలన ఏమి మారినదో పిల్లవానిచేతనే చెప్పింపుడు. పూరణము నేర్చిన వానికి, సమస్యను తానే కనిపెట్టు విద్య అప్పుడు గాని అబ్బదు.