అన్నం ముట్టని పాము

పిల్లలూ, ఈ నెల ఉత్తరాలలో ఒకటి అమెరికానుంచి వచ్చింది. రాసినది అక్కడ ఆరో తరగతి చదివే తెలుగు కుర్రవాడు. వాళ్ళింట్లో నాలుగడుగుల బాల్ పైథాన్ ఉన్నదట. అది ఐదు వారాలుగా ఎలకను ముట్టటం లేదు. "మాష్టారూ, రోజూ ముందు పెట్టి చూడమని అమ్మ అంటున్నది. నోరు తెరిచి కుక్కుదామని నాన్న అంటున్నారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు.

జవాబుకు ముందు, ఇక్కడి పిల్లలకొక మాట. మన కొండచిలువను పట్టి ఇంట్లో పెంచుకోవటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ దానికి చిన్న చుట్టం. ఘనా, టోగో, బెనిన్ వంటి ఆఫ్రికా దేశాలది. భయపడితే బంతిలాగా చుట్టుకుంటుంది గనక దానికా పేరు.

నాయనా, మీ అమ్మగారికి ఇలా చెప్పు. మనం తినే తిండిలో చాలా భాగం ఒంటిని వెచ్చగా ఉంచటానికే సరిపోతుంది. పాము ఆ వేడిని ఎండనుంచీ, నేలనుంచీ అరువు తెచ్చుకుంటుంది. అంచేత దానికి పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం అక్కర్లేదు. పిల్ల పాముకు వారానికొక ఎలక, ఎదిగినదానికి రెండు మూడు వారాలకొకటి చాలు. పెద్ద కొండచిలువ అయితే నెలకొక్కసారి తిన్నా తిన్నట్టే. తిండి లేనప్పుడు దాని పేగులు కూడా చిక్కిపోతాయి. బర్మా పైథాన్ కడుపునిండా మింగిన రెండు రోజుల్లో దాని గుండె కండ 40 శాతం పెరుగుతుందని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు! పస్తుకూ విందుకూ తగినట్టుగా ఉన్నది దాని శరీరం. బాగా ఎదిగిన బాల్ పైథాన్, ముఖ్యంగా చలికాలంలో, నెలల తరబడి తినకపోవటం కద్దు.

అయినా కారణం వెతకాలి. మొదట పెట్టెలో వేడి చూడు. ఒక వైపు 31, 32 డిగ్రీల సెంటిగ్రేడు ఉండాలి. చల్లగా ఉంటే మింగినది అరగదు. తరవాత కళ్ళు చూడు. పొగమంచు కమ్మినట్టు నీలిగా ఉంటే కుబుసం విడవబోతున్నదన్నమాట. అది విడిచేదాకా ఎలక మాట తలపెట్టకు. దాక్కోవటానికి ఇరుకైన గూడున్నదా? అడవిలో అది ఎలకల బొరియల్లో, చెదపుట్టల్లో తలదాచుకునే జంతువు. నాలుగు వైపులా గాజే అయితే బెదిరిపోతుంది. బెదిరిన పాము తినదు.

ఇవన్నీ సరిగా ఉంటే, రాత్రి పూట, చచ్చిన ఎలకను గోరువెచ్చగా చేసి పొడుగాటి పటకారుతో అందించు. ఎలక పాము నడుముకంటే లావుగా ఉండకూడదు. పాము పెదవులమీది గుంటలు ఆ వెచ్చదనాన్ని పసిగడతాయి. ముట్టకపోతే తీసేసి, వారం పది రోజులు ఆ ఊసే ఎత్తకు. రోజూ ముందు పెట్టి విసిగిస్తే మరింత బెదురుతుంది. బతికిన ఎలకను మాత్రం లోపల వదలకు. పామునే కొరికి పుళ్ళు చేస్తుంది. తిన్నాక రెండు రోజులు చేతుల్లోకి తీసుకోకు, కక్కేస్తుంది. (పాలు పట్టి చూడమని ఎవరైనా అంటే వినకు. నాగులచవితి పాలు మన భక్తి కోసమే, అవి పాముకు ఆహారం కాదు.)

ఇక మీ నాన్నగారి ఉపాయం. 1920లలో శాన్ డియాగో జంతుశాలలో డయాబ్లో అనే పెద్ద పైథాన్ తిండి మానేసింది. చాలామంది మనుషులు వరసగా నిలబడి దాన్ని పట్టుకుంటే, మెత్తగా కొట్టిన మాంసాన్ని గొట్టంతో గొంతులోకి తోసేవారు. అది చూడటానికి జనం విరగబడేవారట! ఆ పని తెలిసినవాళ్ళు చెయ్యాలి. ఇంట్లో చేస్తే పాము నోరు చీరుకుపోవచ్చు, తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పామును వారానికొకసారి తూచి, తేదీ వేసి రాసుకో. తూకంలో పదో వంతు తగ్గినా, ఊపిరి ఈలలాగా వచ్చినా, నోట చొంగ కారినా, పాముల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గిరికి ఆ రోజే తీసుకుపొండి. ఐదు వారాలని రాశావు గాని, తూకం రాయలేదు. వచ్చే ఉత్తరంలో అదీ, పెట్టెలో వేడీ, కళ్ళ రంగూ రాసి పంపు.