వానకు పోయిన గిటారు

బోసా నోవా అంటే హోటల్ లాబీలో సన్నగా వినిపించే పాట అనుకునేవాళ్లు మనలో చాలామంది. తప్పు వాళ్లది కాదు. ఇపనీమా తీరానికి నడిచిపోయే అమ్మాయి మీద కట్టిన పాటే ప్రపంచమంతా తిరిగింది. ఆ పాట పుట్టడానికి రెండేళ్ల ముందు, 1960లో, బ్రెజిల్ గాయకుడు సెర్జియో రికార్డో అదే మెత్తని బాణీలో ఒక గుడిసె కూలిపోవడాన్ని పాడాడు. పాట పేరు ‘జెలావ్’.

కథ చిన్నది. జెలావ్ రియో డి జనీరోలో కొండ మీద బతికే పేదవాడు. సంత ఎత్తేశాక మిగిలిందే వాడి పొయ్యి మీదికి వస్తుంది. అయినా నవ్వుముఖం మనిషి. పేదవాడికి పేదవాడే దిక్కని నమ్మినవాడు. వాన పట్టుకుంది, గుడిసె పోయింది, గిటారు కూడా దక్కలేదు. అది కార్నివాల్ సమయం. కొండ మీద ఎవరూ చిందెయ్యలేదు. అంతే పాట. పిడికిలి బిగించడం లేదు, కింద ఉన్న కలవారిని బతిమాలడం కూడా లేదు.

కింద ఉన్న కలవారు అంటే విడ్డూరంగా ఉండొచ్చు. రియోలో లెక్క అలాంటిదే. పేదల గుడిసెలు నిటారు కొండల మీద, కలవారి మేడలు కింద సముద్రపొడ్డున. ఊరిని వాళ్లు రెండు మాటల్లో చెప్పుకుంటారు: కొండ, తారు. బోసా నోవా తారు మీద పుట్టింది. 1958లో జోవావ్ జిల్బెర్టో గొంతు తగ్గించి, దాదాపు గుసగుసగా పాడిన రికార్డుతో అది ఊరంతా పాకింది. కొపకబానా అపార్ట్‌మెంట్లలో కుర్రకారు గిటార్లు ఒళ్లో పెట్టుకుని ప్రేమనీ, అలనీ, నవ్వునీ పాడుకున్నారు. 1960లోనే కొత్త రాజధాని బ్రసీలియా తెరుచుకుంది. దేశమంతా రేపటి మీద ఆశతో ఉంది. ఆ సంబరంలో కూర్చుని, రాత్రి క్లబ్బుల్లో పియానో వాయించి బతికిన సిరియన్ వలస కుటుంబపు బిడ్డ సెర్జియో వాన సంగతి ఎత్తాడు. ఆరేళ్ల తర్వాత, 1966 జనవరి వానలకు రియో కొండచరియలు నిజంగానే విరిగిపడి వందలమంది పోయారు.

మనకు పేదల పాటంటే డప్పు మోగాలి, గజ్జె ఘల్లుమనాలి, గుంపులో చివరి మనిషికీ గొంతు అందాలి. ఆ తూకంలో ‘జెలావ్’ తేలిపోతుంది. కానీ చెడ్డ కబురు చెప్పేటప్పుడు చెవి దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్తారు కదా, ఈ పాటది ఆ పద్ధతి. అరిచి చెప్పి ఉంటే అపార్ట్‌మెంటు వాళ్లు కిటికీ మూసేసేవాళ్లని నా అనుమానం.

అయినా ఒక ముల్లు మిగులుతుంది. తారు మీద కూర్చుని కొండ గురించి పాడటం సులువే. 1964లో, సైన్యం అధికారం లాక్కున్న ఏడాదే, కొపకబానా అమ్మాయి నారా లియావ్ దీనికి ఒక జవాబు వెతికింది. తనే అంతా పాడేయకుండా సాంబా కవి జే కెటీనీ, ఈశాన్యం నుంచి వచ్చిన జోవావ్ దో వాలెనూ పక్కన నిలబెట్టుకుని ‘ఒపినియావ్’ ప్రదర్శన ఇచ్చింది. ఆ ప్రదర్శనకు పేరిచ్చిన జే కెటీ పాట, ఏం చేసినా కొండ ఖాళీ చేయనని మొరాయించే మనిషిది. అప్పటికి రియోలో గుడిసెల తొలగింపు జోరుగా సాగుతోంది.

సెర్జియో రికార్డోను బ్రెజిల్ ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది మాత్రం వేరే రాత్రికి. 1967లో టీవీ రికార్డ్ చానెల్ పాటల పోటీలో ప్రేక్షకులు ఈలలతో, కేకలతో అతన్ని పాడనివ్వలేదు. చేతిలోని గిటారును విరగ్గొట్టి జనం మీదికి విసిరేశాడు. ఆ కోపాన్ని వార్తగా దాచుకున్న లోకం ‘జెలావ్’ను మరిచిపోవడం న్యాయం కాదు.

ఎందుకంటే ఆ పాటకు అతను తర్వాత బాకీ తీర్చాడు. డెబ్బైల్లో విడిగల్ కొండ మీదికి కాపురం మార్చాడు. లెబ్లోన్ తీరం పక్కనే, సముద్రం కనిపించే కొండ అది. 1977లో ప్రభుత్వం అక్కడి ఇళ్లు తొలగించబోయింది. చూపిన కారణం: కొండ జారుతుందట! జెలావ్ గుడిసెను కూల్చిన వానే ఇప్పుడు సర్కారు చేతిలో సాకు. తమ ప్రాణాల మీద ప్రేమ కాదు, ఆ నేల మీద కలవారి కన్ను పడిందని నివాసులు ఎదురు తిరిగారు, కోర్టుకెక్కారు. సెర్జియో వాళ్ల పక్కన నిలబడ్డాడు. తొలగింపు ఆగింది. 1980లో పోప్ రెండో జాన్ పాల్ ఆ కొండకు వెళ్లాడు.

ఆ పోరాటం మీద, ఆ కొండ నటులతో, సెర్జియో ఎనభయ్యో పడిలో ‘బందెయిరా జి రెతాల్యోస్’ అనే సినిమా తీశాడు. అది 2018లో వచ్చింది. 2020 జులైలో, 88 ఏళ్ల వయసులో పోయాడు. విడిగల్ ఇళ్లు ఇప్పటికీ ఆ కొండ మీదే ఉన్నాయి.